లీటరు లెక్క, దాహం లెక్క: అనంతపురం నీళ్ళలో ఫ్లోరైడ్

తాగునీటిలో ఫ్లోరైడ్ మితిమీరితే పళ్ళనూ ఎముకలనూ దెబ్బతీస్తుంది, ఆ జబ్బే ఫ్లోరోసిస్. నీటి పరీక్ష నివేదికలో ఫ్లోరైడ్ అన్న చోట 1.4 అని ఉంటే, పక్క గడిలో ‘పరిమితి లోపలే’ అని రాస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం. మరో నీటి వనరు దొరకని చోట 1.5 దాకా సర్దుకోవచ్చు. అనంతపురం వైపు ఈ వెసులుబాటే అసలు నియమంలా నడుస్తుంది, ఎందుకంటే మరో వనరు దొరకకపోవడమే అక్కడి చాలా గ్రామాల చరిత్ర.

ఆ ఒక్క నివేదిక కింద ఇద్దరు మనుషులను నిలబెట్టి చూద్దాం. ఒకరు పట్టణంలో ఫ్యాను కింద కూర్చుని పనిచేసే గుమాస్తా, రోజుకు రెండు లీటర్లు తాగుతారు. మరొకరు మే నెల ఎండలో చీనీ తోటలో పాదులు తవ్వే కూలీ, ఆరు లీటర్లు తాగినా దాహం తీరదు. నీళ్ళు ఒకటే. గుమాస్తా ఒంట్లోకి రోజుకు 2.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వెళుతుంది, కూలీ ఒంట్లోకి 8.4. నివేదికలో ఉన్నది గాఢత, ఒంట్లోకి వెళ్ళేది మోతాదు. విషశాస్త్రానికి మోతాదుతోనే పని. ఎనిమిది తొమ్మిది దశాబ్దాలుగా ఫ్లోరైడ్ మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలవడానికే సరిపోయింది. పాలనా వ్యవస్థ మాత్రం ఇంకా గాఢత దగ్గరే కూర్చుని ఉందని నా అభిప్రాయం.

లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే ఆలోచన అమెరికా పిల్లల పళ్ళ దగ్గర మొదలైంది. కొలరాడో రాష్ట్రంలో కొన్ని ఊళ్ళ పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు ఎందుకు వస్తున్నాయో తెలియక మెకే అనే దంతవైద్యుడు ఏళ్ళ తరబడి తిరిగాడు. 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీటిలో ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడు. ఆ తర్వాత ట్రెండ్లీ డీన్ 21 పట్టణాల పిల్లలను పరిశీలించి, 1942 నాటికి ఒక సమతూకం చూపించాడు: లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఉంటే పిప్పిపళ్ళు తగ్గుతాయి, మచ్చలూ పెద్దగా కనిపించవు. 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణం కొలిచి మరీ నీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. మనం తీసెయ్యడానికి తంటాలు పడుతున్న పదార్థాన్ని వాళ్ళు డబ్బు పెట్టి కలుపుకున్నారు. ఎవరి నీళ్ళు వాళ్ళవి, ఎవరి అవసరం వాళ్ళది.

ఈ కథలో మనకు పనికొచ్చే మలుపు ఆరిజోనాలో ఉంది. అది ఎండల రాష్ట్రం. అక్కడి నీటిలో చల్లటి రాష్ట్రాల నీటిలో ఉన్నంత ఫ్లోరైడే ఉన్నా, పిల్లల పళ్ళ మీద మచ్చలు ఎక్కువగా ఉన్నాయని గాలగన్, లామ్సన్ 1953లో రాశారు. వేడి ఎక్కువైతే పిల్లలు ఎక్కువ నీళ్ళు తాగుతారు, కారణం అంతే. 1957లో గాలగన్, వెర్మిలియన్ కలిసి ఉష్ణోగ్రతను బట్టి నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉండాలో లెక్కగట్టే సూత్రం ఇచ్చారు. దాని ఆధారంగా 1962లో అమెరికా ప్రజారోగ్య విభాగం ఒక పట్టిక అచ్చువేసింది. చలి ప్రాంతాల్లో 1.2 దాకా మంచిదని, 1.7 దాటకూడదని అందులో ఉంది. అన్నిటికంటే వేడి ప్రాంతాల గడిలో మంచి గాఢత 0.7, దాటకూడని గీత 0.8. ఆ ఆఖరి గడి కూడా ఏడాది పొడవునా పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు సుమారు 32.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముగిసిపోతుంది. అనంతపురానికి అది కాస్త చాలని గడి.

ఆ పట్టిక పళ్ళ మచ్చలను దృష్టిలో పెట్టుకుని, నీటిలో ఫ్లోరైడ్ కలిపే ఊళ్ళ కోసం వేసినది. ఎముకల జబ్బుకు దాన్ని నేరుగా తగిలించలేం. ఎండను బట్టి గీత మారాలన్న ఆలోచన అప్పటికే శాస్త్రంలో ఉందని చెప్పడానికే ఇక్కడ ప్రస్తావించాను. 2015లో అమెరికా ఆ ఉష్ణోగ్రత పట్టికను పక్కనపెట్టి దేశమంతటికీ 0.7 అని ఒకే అంకె సూచించింది. బయటి ఎండకూ పిల్లలు తాగే నీటికీ సంబంధం కనిపించడం లేదని కొత్త సమాచారం చెప్పింది. ఏసీ గదుల్లో పెరిగే పిల్లల విషయంలో అది సబబే. వేరుశనగ చేలో కలుపు తీసే మనిషి ఆ సమాచారంలో లేరు.

అదే దేశంలో ఇంకో అంకె కూడా ఉంది. సహజంగా ఫ్లోరైడ్ ఉన్న నీటికి 1986లో అక్కడి పర్యావరణ సంస్థ పెట్టిన చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి లీటరుకు 4 మిల్లీగ్రాములు. ఆ నాలుగు ఎలా వచ్చిందో చూస్తే పరిమితులు ఎలా తయారవుతాయో తెలుస్తుంది. రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున చాలా ఏళ్ళు ఒంట్లోకి వెళితే మనిషిని కుంగదీసే ఎముకల జబ్బు వస్తుందని తీసుకున్నారు. మనిషి రోజుకు 2 లీటర్లు తాగుతాడనుకుని 20ని రెండుతో భాగించారు. వచ్చిన 10ని భద్రత కోసం 2.5తో మళ్ళీ భాగించారు. నాలుగు వచ్చింది. ఈ లెక్క మొత్తంలో ఎముకల గురించిన అంచనా ఒక్కచోటే ఉంది, మిగిలింది దాహం గురించిన అంచనా, భద్రత కోసం చేసిన భాగహారం. భాగహారంలో రెండుకు బదులు ఆరు పెడితే జవాబు 1.3 అవుతుంది. ఎముకల అంచనా కూడా నిలవలేదు. ఈ 4 చాలదని, తగ్గించాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006లో చెప్పింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984లో 1.5 అన్న మార్గదర్శక విలువ ఇచ్చింది, ఇప్పటికీ దాన్నే కొనసాగిస్తోంది. దానితో పాటు ఒక షరతు కూడా ఉంది: ఏ దేశమైనా తన ప్రమాణం పెట్టుకునేటప్పుడు అక్కడి ప్రజలు ఎంత నీరు తాగుతారో, ఫ్లోరైడ్ ఇంకా ఏ దారుల్లో లోపలికి వెళుతుందో లెక్కలోకి తీసుకోవాలి. మనవాళ్ళు మొదటి గీతను 1 దగ్గర గీయడంలో ఆ జాగ్రత్త కొంత కనిపిస్తుంది. 1.5 వెసులుబాటు ఆ జాగ్రత్తను చాలావరకు మింగేసింది.

మోతాదు వైపు నుంచి అదే సంస్థ 2002లో చెప్పిన మాట మరీ ముఖ్యం. భారత్, చైనాల నుంచి వచ్చిన ఆధారాలను పరిశీలించి, అన్ని దారుల్లో కలిపి రోజుకు 14 మిల్లీగ్రాములు వెళితే ఎముకల ఫ్లోరోసిస్, ఎముకలు విరిగే ముప్పు స్పష్టంగా ఉన్నాయని, సుమారు 6 మిల్లీగ్రాములు దాటినా ఎముకల మీద ప్రభావం ఉండవచ్చనడానికి సూచనలు ఉన్నాయని తేల్చింది. మన తోట కూలీ 8.4 దగ్గర ఉన్నారు. తాగేది పరిమితి లోపలి నీళ్ళే.

పైగా 8.4 అన్నది గ్లాసుతో తాగిన నీళ్ళ లెక్క మాత్రమే. అన్నం ఉడికేటప్పుడు పీల్చుకున్న నీళ్ళు, పప్పులో నీళ్ళు, చారు, మజ్జిగ కూడా అదే బోరు నుంచి వస్తాయి. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో కూడబెట్టుకుంటుంది, అందుకని టీ కప్పులో నీటిది కొంత, ఆకుది కొంత చేరుతుంది. నివేదికల కంటికి ఆనని దారి మరొకటి పొలంలో ఉంది. ఇంట్లో క్యాను నీళ్ళు తాగే మనిషి కూడా పొలంలో దాహమేస్తే మోటారు గొట్టం దగ్గరే దోసిలి పడతాడు. ఊరి ట్యాంకు నీళ్ళకు పరీక్షలు చేస్తారు, ఆ పొలం బోరుకు చేసేవాళ్ళు తక్కువ. రోజులో ఎక్కువ నీళ్ళు తాగే గంటలు అక్కడే గడుస్తాయి కాబట్టి ఆ ఒక్క బోరు ఫలితం ట్యాంకు ఫలితం కంటే ఎక్కువ చెప్పగలదు.

ఇంతకీ ఫ్లోరైడ్ నీళ్ళలోకి ఎలా వచ్చింది? ఫ్యాక్టరీని వెతకనక్కరలేదు. జిల్లాలో ఎక్కువ భాగం పాత గ్రానైట్, నైస్ రాళ్ళ మీద ఉంది. వాటిలో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్, హార్న్‌బ్లెండ్ వంటి ఖనిజాలు ఉంటాయి. నీరు రాతి పగుళ్ళలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. వాన తక్కువ, ఆవిరి ఎక్కువ, పాత నీటిని కొత్త నీరు పలచన చేసే అవకాశం అరుదు. పైపొరల్లో నీరున్నంతకాలం చేదబావులు సరిపోయాయి. అవి ఎండాక వందల అడుగుల లోతుకు బోర్లు దిగాయి, రాతిలో ఏళ్ళ తరబడి నిలవున్న నీళ్ళు పైకి వచ్చాయి. కాబట్టి ఇది సహజ కాలుష్యం అని చేతులు దులుపుకోవడం సగం నిజమే. రాయి దాని మానాన అది ఉంది, దాని అడుగుదాకా గొట్టం దింపింది మనం. ఫాస్ఫేట్ ఎరువుల్లో కూడా ముడిరాతి నుంచి వచ్చిన ఫ్లోరిన్ కొంత ఉంటుంది గానీ, ఈ ప్రాంతంలో పెద్ద పద్దు రాతిదే.

ఇక్కడ రసాయనం ఒక చిన్న మోసం చేస్తుంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కరగని పదార్థంగా మారి అడుగుకు దిగిపోతాయి. అందువల్ల కాల్షియం దండిగా ఉన్న కఠిన జలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలవలేదు. సున్నపురాయి ఉన్న కడప, తాడిపత్రి వైపు నేలలకు ఈ రక్షణ కొంత ఉంటుంది. గ్రానైట్ నేలలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తగ్గిపోయిన నీటిలో ఫ్లోరైడ్ స్వేచ్ఛగా పెరుగుతుంది. అలాంటి నీళ్ళకు సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది, గిన్నెకు తెల్లపొర పట్టదు. ఇల్లాలు మంచినీళ్ళని మెచ్చుకునే లక్షణాలన్నీ ఉంటాయి. అలాంటి నీటిలో ఫ్లోరైడ్ ఉండి తీరుతుందని చెప్పలేం, ఉండే అవకాశం మాత్రం ఎక్కువ. రంగు, రుచి, వాసన ఏవీ దీన్ని పట్టివ్వవు. నాలుకను నమ్మి లాభం లేదు.

మన దేశంలో ఈ జబ్బును మొదట శాస్త్రీయంగా గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. వాళ్ళు తిరిగిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఆ తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి. షార్ట్ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి. సి.జి. పండిట్ తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ అయ్యారు. మెడ తిరగని, నడుం వంగని మనుషులను పరీక్షించి, కీళ్ళవాతమని అందరూ అనుకుంటున్న దానికి కారణం బావిలో ఉందని వాళ్ళు చూపించారు. అదే 1937లో డెన్మార్క్‌లో కాయ్ రోహోమ్ ఫ్లోరిన్ విషప్రభావం మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆయన చూసింది కోపెన్‌హేగన్‌లో క్రయొలైట్ ఖనిజాన్ని పొడిచేసే కార్మికులను. వాళ్ళు ధూళి రూపంలో మింగింది మన రైతులు నీటి రూపంలో తాగారు. ఎక్స్‌రేలో రెండు చోట్లా ఒకే రకంగా దట్టంగా తెల్లబడిన వెన్నెముకలు, ఎముకలను కలిపే స్నాయువుల్లో సున్నం పేరుకున్న గీతలు. ఫ్యాక్టరీలో వచ్చిన జబ్బుకు యజమాని ఉంటాడు, పరిహారం అడగవచ్చు. బావిలో వచ్చిన జబ్బుకు ఎవరూ ఉండరు. ఒకే విషానికి రెండు రకాల న్యాయం అప్పుడే మొదలైంది.

ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుంది? ఖాళీ కడుపుతో తాగిన నీటిలోని ఫ్లోరైడ్ దాదాపు మొత్తం త్వరగానే రక్తంలో చేరుతుంది. కడుపులో కాల్షియం ఉన్న ఆహారం ఉంటే కొంత దానితో అంటుకుని బయటికి పోతుంది. రక్తంలో చేరినదాన్ని బయటికి పంపాల్సింది మూత్రపిండాలు. పెద్దవాళ్ళలో సుమారు సగం అలా వెళ్ళిపోతుంది, మిగిలిన సగం ఎముకల్లోకి పోతుంది. ఎదిగే పిల్లల్లో ఎముక ఇంకా కట్టుబడిలో ఉంటుంది కాబట్టి నిలిచిపోయే వాటా ఇంకా ఎక్కువ. ఎముకను ఒక చెరువు అనుకోండి: వచ్చే కాలువ వెడల్పు, పోయే తూము సన్నం. ఏడాదికి ఏడాది మట్టం పెరుగుతూనే ఉంటుంది. కాలువ మూసేసినా తూము గుండా ఖాళీ కావడానికి ఏళ్ళు పడుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు తూము ఇంకా సన్నగిల్లుతుంది, వాళ్ళకు 1 కూడా ఎక్కువే కావచ్చు.

ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ కూర్చుంటుంది. ఎముకను కట్టే కణాలను అది రెచ్చగొడుతుంది కూడా. కొత్త ఎముక వస్తుంది, చూడటానికి దట్టంగా ఉంటుంది, అల్లిక మాత్రం కుదరదు. ఎముకలను కలిపే స్నాయువులు గట్టిపడి సున్నం పేరుకుంటాయి. పొద్దున లేవగానే నడుం పట్టేయడం, కింద కూర్చోలేకపోవడం, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి రావడం ఈ క్రమంలో వచ్చేవే. మరీ ముదిరితే వెన్నుపాము నడిచే కాలువ ఇరుకై కాళ్ళు చచ్చుబడతాయి. న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి వంటివారు ఈ నరాల దశ మీద దశాబ్దాలపాటు పనిచేశారు.

పళ్ళ సంగతి వేరు. ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళలోపు, తాగిన నీళ్ళ ఫలితమే పళ్ళ మీద పడుతుంది. ఒకసారి పడితే చెరగదు. పాతికేళ్ళ మనిషి గారపళ్ళు ఆ ఊళ్ళో ఇప్పటి నీళ్ళ గురించి ఏమీ చెప్పవు, అప్పటి నీళ్ళకు సాక్ష్యం చెబుతాయి. తిరగేసి చూస్తే, పెళ్ళయ్యాక వేరే ఊరి నుంచి వచ్చిన కోడలి పళ్ళు ముత్యాల్లా ఉన్నా, ఎముకల్లో మట్టం పెరుగుతూ ఉండవచ్చు. పళ్ళు చూసి ఆరోగ్యం అంచనా వేసే సర్వేలు ఇక్కడే బోల్తాపడతాయి.

ఒకే ఊళ్ళో, ఒకే బోరు నీళ్ళు తాగే ఇద్దరిలో ఒకరు ఎందుకు ముందు కుంగిపోతారు? ఈ ప్రశ్న మీద బాగా పనిచేసింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త రూపాన్ని వివరించారు: ఫ్లోరైడ్ ప్రాంతంలో యువకుల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, ఎముకలు దట్టం కావాల్సింది పోయి గుల్లబారుతున్నాయి. నాగార్జునసాగర్ వచ్చాక చుట్టుపక్కల భూగర్భజల మట్టం పెరిగి, నేల స్వభావం మారి, జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం పెరిగిందని, అది ఒంట్లో రాగి (కాపర్) లోహాన్ని దెబ్బతీస్తోందని పరిశోధకులు ఒక ఊహ ముందుకు తెచ్చారు. 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య మనుషుల మీదే చేసిన పరీక్షలో, వరి అన్నం తిన్నప్పటికంటే జొన్న ఆహారం తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోయింది. రాయలసీమకు ఇది ఇబ్బందికరమైన ఫలితం. అయితే జొన్నను ముద్దాయిని చేయనక్కరలేదు. జొన్న తినే పేదింట్లో పాలు, పెరుగు, ఆకుకూరలు తక్కువ కావడం, ఆ మనిషే ఎండలో ఎక్కువ నీళ్ళు తాగడం కూడా లెక్కలో ఉంటాయి. రాగి సంగటి కథ వేరు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది నామమాత్రం. భోజనంలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ కొంత పేగులోనే ఆగుతుందన్న సూత్రం ప్రకారం సంగటి ముద్ద మంచిదే. విరుగుడు అని మాత్రం అనలేం.

చింతపండు మాటకూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది తరచూ వాట్సాప్‌లో తిరుగుతుంది. పోషకాహార సంస్థకు చెందిన ఖండారే, లక్ష్మయ్య బృందం 2002లో 18 మంది అబ్బాయిలకు రోజూ కొంత చింతపండు పెట్టి మూత్రం కొలిచింది. చింతపండు తిన్న రోజుల్లో ఫ్లోరైడ్ విసర్జన పెరిగింది. ఫలితం నిజమే, ఆసక్తికరమే. కానీ అది కొద్దిమంది మీద, కొద్దిరోజుల పరీక్ష. పుల్లటి కూర లేకుండా ముద్ద దిగని జిల్లాలోనే ఫ్లోరోసిస్ వేళ్ళూనుకుంది కదా! పులుసు పెంచితే సరిపోయే జబ్బయితే అది ఇక్కడ పుట్టేదే కాదు.

మోతాదును నేరుగా కొలవాలంటే మనిషినే కొలవాలి. 1966లో ఫ్రాంట్, రాస్ కనిపెట్టిన లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికపు ఎలక్ట్రోడ్ అనే కొలత సాధనం వచ్చాక ఇది సులువైంది. అంతకుముందు రంగు మారే ద్రావణాలతో కొలిచేవారు, గ్రామాల్లో వాడే చిన్న కిట్లు ఇప్పటికీ అలాంటివే. అవి ఉందా లేదా చెప్పడానికి పనికొస్తాయి, 1.3కూ 1.6కూ తేడా తేల్చడానికి పనికిరావు. మూత్రంలోని ఫ్లోరైడ్ ఈ మధ్య రోజుల్లో ఎంత లోపలికి వెళుతోందో చెబుతుంది. ఎముకలో ఇప్పటికే ఎంత చేరిందో చెప్పదు. దానికి ఎక్స్‌రే, వయసు, ఆ ఊళ్ళో గడిపిన ఏళ్ళు కావాలి.

అనంతపురం జిల్లాలోనే జరిగిన ఒక పరిశోధన నాకు ఈ కారణంగా నచ్చుతుంది. 2005లో భగవాన్, రఘు ప్రచురించిన ఆ పత్రం చెక్‌డ్యాముల గురించి. వాగుకు అడ్డంగా కట్టిన చిన్న గోడ వెనక నిలిచిన వాననీరు భూమిలోకి ఇంకి, దగ్గరి భూగర్భజలంలోని ఫ్లోరైడ్‌ను పలచన చేస్తుంది. ఇంతవరకు ఇంజనీర్లు ఊహించగలిగిందే. ఆ ఇద్దరూ అక్కడితో ఆగకుండా ఊరివాళ్ళ రక్తరసి, మూత్రం కూడా విశ్లేషించారు. నీటిలో జరిగిన మార్పు మనిషి దాకా చేరిందా అని అడిగారన్నమాట. నీటి పథకం ఏదైనా ప్రారంభోత్సవం తర్వాత అయిదేళ్ళకు ఈ ప్రశ్న అడిగించుకోవాలి. సాధారణంగా ఎవరూ అడగరు.

నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే దారులన్నిటికీ ఏదో ఒక బాకీ ఉంది. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై మిగిలినదాని గాఢత ఇంకా పెరుగుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ఇచ్చినది, చవకైనది. కానీ పటిక మోతాదు రోజూ సరిచూసుకోవాలి, మడ్డిని ఎక్కడో పారేయాలి, నీటిలో అల్యూమినియం మిగలకుండా చూడాలి. పైగా అల్యూమినియంతో జతకట్టిన ఫ్లోరైడ్‌ను, తగిన ద్రావణం కలిపి విడదీయకపోతే, ఎలక్ట్రోడ్ గుర్తించదు. నీరు శుద్ధి అయినట్టు నివేదిక వస్తుంది. యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు బాగా పనిచేస్తాయి, నిండిపోయాక క్షారంతో కడిగి మళ్ళీ సిద్ధం చేసే మనిషి ఉన్నంతకాలం. ఊరూరా వెలసిన ఆర్వో ప్లాంట్లు ఫ్లోరైడ్‌ను బాగానే తీస్తాయి, దానితో పాటు కాల్షియాన్నీ తీస్తాయి. అవి వదిలే నీటిలో ఫ్లోరైడ్ మరింత గాఢంగా ఉంటుంది, అది పక్క కాలువలోకి పోతుంది. క్యాను కొనలేని ఇల్లు మళ్ళీ బోరు దగ్గరికే వెళుతుంది.

అందుకే ఈ జిల్లాలో నిజంగా మోతాదు తగ్గించినది దూరం నుంచి తెచ్చిన నదీజలం. 1995లో సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు పెన్నా అహోబిలం, చిత్రావతి రిజర్వాయర్లు వంటి వనరుల నుంచి నీళ్ళు చేర్చింది. ఆ పథకానికి ఉన్న కారణాల్లో ఫ్లోరైడ్ ఒకటి. 1995 తర్వాత పుట్టి, ఆ నీళ్ళే తాగి పెరిగిన పిల్లల పళ్ళకూ వాళ్ళ తల్లిదండ్రుల పళ్ళకూ తేడా ఎంతో కొలిస్తే, నివేదికల్లో దొరకని జవాబు దొరుకుతుంది. అయితే గొట్టం పగిలిన వారం, కరెంటు లేని రోజు, కాలువకు నీరు రాని వేసవి ఊరు మళ్ళీ బోరు తిప్పుతుంది. నదీజలం ఉన్న గ్రామంగా రికార్డులో ఉన్న ఊరికి ఏడాదిలో ఎన్ని రోజులు బోరు నీళ్ళు కలిశాయో కూడా నమోదైతే తప్ప మోతాదు తేలదు. జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం 2008-09లో మొదలైంది. దాని కింద జరిగే సర్వేల్లో ఈ ఒక్క గడి చేర్చడానికి పెద్ద ఖర్చు కాదు.

ఈలోగా చర్చ ఎముకల నుంచి మెదడు వైపు జరుగుతోంది. 2024 ఆగస్టులో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం ఒక పెద్ద సమీక్ష విడుదల చేసింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్‌కు గురైన పిల్లల్లో తెలివితేటల పరీక్షల మార్కులు తక్కువగా ఉండటానికి సంబంధం ఉందని, ఆ నిర్ణయం మీద తమకు మధ్యస్థాయి నమ్మకం ఉందని చెప్పింది. 0.7 దగ్గర ఏమవుతుందో చెప్పడానికి ఆధారాలు చాలవని కూడా అంది. ఆ అధ్యయనాల్లో చాలావరకు చైనా, భారత్ వంటి దేశాలవి. సంబంధం ఉండటం వేరు, కారణమని రుజువు కావడం వేరు: ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళోనే పేదరికం, అయోడిన్ లోటు, ఆర్సెనిక్ కూడా ఉండవచ్చు. అయితే అక్కడ 1.5 అన్న అంకెను నీటి గాఢతతో పాటు మూత్రం వంటి కొలతలతో కలిపి, పిల్లల మొత్తం మోతాదుకు గుర్తుగా వాడారు. మన నివేదికలో 1.5 అంటే ట్యాంకు నీళ్ళు మాత్రమే. రెండు అంకెలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఆ సమీక్షను అడ్డుపెట్టుకుని 1.4 నీళ్ళున్న అనంతపురం గ్రామంలో పిల్లలకు భయం లేదని ఎవరైనా అంటే, ఆ ఊరి పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత ఉందో ముందు అడగాలి.